మాహూరు కొండల చరిత్ర – ఆరవ భాగము: పట్టా లేని పొలము

గడచిన భాగమున మాహూరు దుర్గపు కథ చెప్పుకొంటిమి. గోండు దొరల చేతినుండి బహమనీ సుల్తానులకును, వారి పిమ్మట బీరారు ఇమాద్‌షాహీలకును, అహమ్మదునగరము వారికిని, తుదకు మొగలాయీలకును ఆ కోట సంక్రమించిన క్రమమును, ఏ ప్రభువు వచ్చినను పోయినను కొండమీది రేణుకామాత సన్నిధికి యాత్రికుల రాక తగ్గకపోవుటను, దేశ్‌ముఖుల యింటి కోడలు రాయ్‌బాగన్ మొగలు సేనలో కత్తిపట్టి నిలిచిన సాహసమును పాఠకులు మరచియుండరు. కోట కథ వ్రాయుట చరిత్రకారునకు సులభమైన పని. గోడ యున్నచోటనే యుండును. దానిని గెలిచినవాడు తవారీఖు వ్రాయించును, ఓడినవాడు పాట కట్టించుకొనును. ఈ భాగమున మనము చెప్పబోవు జనులు కోట కట్టలేదు, తవారీఖు వ్రాయించుకొనలేదు. పైపెచ్చు ఒకేచోట పది వర్షములు వరుసగా కాపురముండుటయు వారికి నాడు అరుదే. అట్టివారి చరిత్ర ప్రభుత్వపు కాగితములలో వారి పేరు లేని తావులను వెదకి చూచినచో గాని బోధపడదు.

నాందేడు జిల్లా యనగానే గోదావరి యొడ్డున 1708లో గురు గోవిందసింగు దేహము చాలించిన పవిత్రస్థలము మనకు స్ఫురించును; ధర్మాబాదు, బిలోలీ, దెగ్లూరు సంతలలో వినవచ్చు తెలుగు స్ఫురించును. కాని ముద్ఖేడునుండి ఆదిలాబాదు పోవు బండి యెక్కి, భోకరును హిమాయత్‌నగరమును దాటి సాగినవారికి మరియొక నాందేడు కానవచ్చును. నల్లరేగడి చేలు క్రమముగా సన్నగిల్లి, టేకును, ఇప్పయు, తునికియు, వెదురుపొదలును దారికి ఇరువైపుల చిక్కబడును. సహస్రకుండమున పెన్‌గంగ నల్లరాళ్లమీదుగా దూకి, కిన్వటు, మాహూరు సీమలను చుట్టి పారుచు, ఆవలి యవత్‌మాళు జిల్లానుండి వానిని వేరుచేయును. ఈ నదికిని తూర్పున నున్న ఆదిలాబాదు కొండలకును నడుమ గోండులు, ప్రధానులు, ఆంధులు, నాయకపోడులు, కొలాములు తరతరములుగా నివసించుచున్నారు. వీరిలో గోండులకు రాజ్యములుండెను. ఆ రాజ్యముల గాథలను పాడుటకు ప్రధానుల చేతిలో కిక్రీ యుండెను. కొలాములకు ఈ రెండును లేవు.

కొలాముల ఆవాసమును మరాఠీవారు పోడ్ అనియు, మనవారు కొలాంగూడెమనియు వ్యవహరింతురు. కొండ యంచునో, వాలు మొదటనో, నీటిచెలమకు దగ్గరగా కొద్దిపాటి గుడిసెలు. తడికె గోడలు, గడ్డి కప్పు. నట్టనడుమ ఒక చావడి. అతిథి వచ్చిన విడిది అచటనే, తగవు వచ్చిన పంచాయతీ అచటనే, పండుగకు తప్పెట మ్రోగించుటయు అచటనే. ఊరికి పెద్ద నాయక్. ఆయన ప్రక్కన మహాజన్, కార్‌భారి. కబురు తీసికొనిపోవుటకు ఘట్యా. పెండ్లి కుదుర్చుకొనుట మొదలు తప్పుచేసినవానిచే దండుగ కట్టించుట వరకు వీరి మాటయే శాసనము. తహసీలుదారను వాడొకడు కలడని యెరుగకయే ఒక మనుష్యుడు పుట్టి, పెరిగి, ముసలివాడై గతించుట ఆ పల్లెలలో వింత కాకుండెను.

పూర్వము వీరి సేద్యమునకు నాగలి లేకుండెను. వేసవిలో కొండవాలున ఒక చెక్క నెన్నుకొని, పొదలు నరికి, కొమ్మలు పడవేసి యెండనిచ్చి, వానలకు ముందు నిప్పుపెట్టుచుండిరి. బూడిదపై తొలకరి పడగానే ఆడువారును మగవారును వరుసగా నిలిచి, కోలతో గుంట పొడుచుచు, గింజ వేయుచు, మడమతో మన్ను కప్పుచు పైకి సాగుచుండిరి. జొన్న, సామ, కంది, మొక్కజొన్న ఒకే చెక్కలో కలసి పెరుగుచుండెను. పంట యెదుగువేళ మంచె కట్టి రేయింబవళ్లు పందులను, చిలుకలను అదలించుట పిల్లల పని. రెండు మూడు పంటలకు నేల సారము తగ్గుచుండెను. అప్పుడు ఆ చెక్కను అడవికి అప్పగించి మరియొక వాలునకు పోవుచుండిరి. పంట యింటికి వచ్చుటకు ముందు నెలలు కటకటగా గడచుచుండెను; ఇప్పపూవు ఎండబెట్టి దాచుకొనినది, అడవిలో త్రవ్విన దుంప, పలుచని అంబలి, ఇవియే ఆధారము. చేతిపని మాత్రము వెదురు. బుట్టలు, చాటలు, తడికలు, ధాన్యము దాచు గుమ్ములు అల్లి గోండుపల్లెల కిచ్చి, మారుగా జొన్నలు కొలిపించుకొనుచుండిరి. ఒక కొలామువాడు పచ్చి వెదురును గొడ్డలివాదరతో నెత్తినుండి మొదలువరకు చీల్చి, ఆ బద్దను మోకాలిమీద నానించి కత్తితో తాళపత్రమువలె పలుచన చేయు నేర్పును చూచినవారు, వీరిని మోటుజనమని వ్రాసిన పూర్వపు ఉద్యోగుల మాటలను నమ్మరు.

గోండులు కొలాములను పూజారులని పిలుతురు. ఈ మర్యాదకు కారణము కలదు. ఈ అడవులలో తమకంటె ముందు కాపురమున్నవారు కొలాములనియు, కావున కొండదేవతలకును ఎల్లదేవతలకును వారి మాటయే చెల్లుననియు గోండుల విశ్వాసము. కొలాముల దైవము అయక్. భీమయక్ అనియు అందురు. పాండవులలో రెండవవాడైన భీమసేనునితో ఆ దైవమునకు చుట్టరికము కలిపి చెప్పుదురు. ఊరిలో మశూచి వ్యాపించినను, పులి పశువులను పట్టినను, గోండు పటేలు కొలాం పూజారికి కబురంపుచుండెను. అప్పుడు జరుగునదే గావ్‌బాంధణీ, అనగా ఊరు కట్టుట. పూజారి పొలిమేర చుట్టు నడచి, ఎల్లదేవతలకు కోడిని బలియిచ్చి, ఊరి హద్దులను మంత్రించి మూయును. ఆ తంతు ముగియువరకు వెలుపలివాడు లోనికి రాగూడదు, లోపలివాడు వెలుపలికి పోగూడదు. ధనములోను, భూమిలోను, అంతస్తులోను తమకంటె మిన్నయైన వారి గ్రామములకు ఎల్లలు కట్టు అధికారము ఈ విధముగా నాగలియైన లేని కొలాముల చేతిలో నుండెను. తరువాతి నూరేండ్ల కథలో ఎల్లలు గీయు అధికారము వేరొకరి చేతిలోనికి పోయెను.

మొదటి గీత పెన్‌గంగయే. 1853లో ఆంగ్లేయులు నిజామునకు కట్టిన సేనల ఖర్చు బాకీపేరిట బీరారును తమ పాలనలోనికి తీసికొనిరి. 1902లో దానిని శాశ్వతమైన కౌలుగా మార్చుకొనిరి. అంతవరకు ఒకే ప్రభుత్వపు నేలలో పారిన నది నాటినుండి రెండు ప్రభుత్వముల సరిహద్దయ్యెను. ఆవలి యొడ్డున కొలాములే, ఈవలి యొడ్డున కొలాములే. వేసవిలో మోకాలిలోతు నీటిలో నడచి పెండ్లిండ్లకు వచ్చిపోవువారికి ఆ సంధిపత్రముతో పనిలేదు. పని పడినది ప్రత్తివలన. 1861 మొదలు 1865 వరకు అమెరికాలో జరిగిన అంతర్యుద్ధమువలన అచటి ప్రత్తి నిలిచిపోగా, ఇంగ్లండు మిల్లులు బీరారు నల్లరేగడివైపు చూచెను. ధర పెరిగెను, రైలు వచ్చెను, చదునైన నేల యంతయు చేనయ్యెను. ఆ ప్రత్తి యలజడి నది నీవలికిని ప్రాకుట కెంతోకాలము పట్టలేదు.

ఈవల హైదరాబాదు రాజ్యమున దివాను మొదటి సాలార్‌జంగు పరిపాలనను క్రొత్త పద్ధతిని నిలుపుచుండెను. 1865లో జిల్లాల యేర్పాటు జరిగెను, తాలూకుదార్లు వచ్చిరి, కొలతలు, బందోబస్తు, పట్టాలు వచ్చెను. ఖజానా నిండవలెనన్న బీడు సాగు కావలెను. బీడు సాగగుటకు రైతులు కావలెను. కావున వెలుపలి రైతులకును, పెట్టుబడి గల వర్తకులకును ఈ సీమ తలుపులు తెరువబడెను. ఈ విధానమున దురుద్దేశమున్నదని నే ననను. ఆ కాలపు ప్రభుత్వములన్నియు పన్నుకట్టు నేలనే నేలగా చూచినవి. కాని ఫలితమేమన, కుణబీలు, వర్తకులు, వకీళ్లు, ఉద్యోగుల బంధువులు లోయలలోని మంచి రేగడికి పట్టాలు పొందిరి. గోండులు ఆ నేలను తరములుగా దున్నుచునే యుండిరి. అయితే శివాయి జమాబందీ క్రింద, అనగా పట్టా లేకయే శిస్తు చెల్లించుచు దున్నుచుండిరి. నేల అంతులేక యుండగా కాగితమేలయని వారు తలచిరి. కాగితము గలవాడు వచ్చి నిలువగానే గోండు కౌలుదారయ్యెను, లేదా లోయ విడిచి వాలునకు ఎక్కెను. వాలున అప్పటికే యున్నవాడు కొలాము. అతడు ఇంకను పైకి పోవలసివచ్చెను. పైన అడవిశాఖ కాచుకొని యుండెను.

హైదరాబాదు రాజ్యమున అటవీశాఖ 1857 ప్రాంతమున ఏర్పడినది. తొలిదినములలో టేకు మొదలగు విలువగల చెట్లను కాపాడుటతో తృప్తిపడిన ఆ శాఖ, ఇరువదవ శతాబ్ది తొలి దశకములలో అడవులనే రక్షితములని ప్రకటించి హద్దురాళ్లు నాటసాగెను. రెండవ గీత యిదియే. దీనికొక పద్ధతి కలదు. అడవినడుమ స్థిరమైన ఊరున్నచో, దాని యిండ్లకును పొలములకును చుట్టు గీత గీసి, ఆ భాగమును అడవినుండి మినహాయించి విడుతురు. పేరుగల గోండు పల్లెలకు, చాలీచాలనిదైనను, అట్టి మినహాయింపు దొరికెను. కొలాముల మాటయేమి? కొలతగొలుసు పట్టిన ఉద్యోగి వచ్చిననాడు వాలుమీద నున్నది ఈ యేటి చెక్క యొకటి, నిరుడు విడిచిన చెక్క యొకటి, మరల మొలచిన పాతచెక్కలు నాలుగైదు. సాగులోనున్న చెక్క ఆతని దృష్టిలో అటవీనేరము. విడిచిన చెక్కలు అడవి. పొలము కనబడలేదు కావున పొలముగలవాడును కనబడలేదు. ఒక కుటుంబము పదునైదేండ్లలో సాగుచేసి, సేదదీర్చి, తిరిగివచ్చు నేలయంతయు ఒక్క పొలమేయని గ్రహించుటకు ఆ పట్టికలలో గడి లేకుండెను.

ఆ పిమ్మట దైనందిన జీవనమే మారిపోయెను. నిప్పుపెట్టుట నేరము. గొడ్డలి చేతబట్టి అడవిలో కనబడుట అనుమానమునకు తావు. పశువుల మేతకు పన్ను. వెదురు నరికి బుట్టయల్లువానికి వెదురే రుసుమునకు లోనగుట కొలామునకు తగిలిన దెబ్బలలో కెల్ల గట్టిదని నాకు తోచును; సేద్యము పోయినవానికి మిగిలిన వృత్తి యదియొక్కటే గదా. చౌకీదారు గూడెమునకు వచ్చెనన్న ఆతనికి కోడి, నేయి, ఊరివారి వెట్టి సిద్ధముగా నుండవలెను. ఫిర్యాదు చేయుదమన్న దరఖాస్తు ఉర్దూలో నుండవలెను. కొలామీ మాటలాడువాడు తన గోడును గోండీలోనో, మరాఠీలోనో, తెలుగులోనో చెప్పగా, బజారులో కూర్చున్న దరఖాస్తు వ్రాయువాడు దానిని తనకు తెలిసిన మూసలో పోసి ఉర్దూలో వ్రాయును. ఆ కాగితము తాలూకాకచేరి చేరునప్పటికి గూడెము మరియొక కొండకు పోయి యుండుటయు కద్దు.

నిలుకడలేనివానికి నేలపై హక్కులేదను వాదము మన కొండలకే పరిమితమైనది కాదు. ఆస్ట్రేలియా ఖండపు నడిమి ఎడారిలో నీటిచెలమనుండి నీటిచెలమకు సంచరించు ఆదివాసులు, ఏ చెలమ ఏ వంశమువారిదో, ఏ గుట్ట ఎవరి పూర్వుల నడకతో ఏర్పడెనో చక్కగ నెరిగినవారు. వలస వచ్చిన ఆంగ్లేయులకు అచట కంచె కానరాలేదు, దుక్కి కానరాలేదు. ఆ నేల యెవరిదియు కాదని తేల్చుకొనిరి. 1950ల చివరి కాలమున సయితము ఎడారివాసులను తెచ్చి పపున్యా వంటి ప్రభుత్వపు శిబిరములలో చేర్చుచుండిరి. నేల యెవరిదియు కాదను ఆ సిద్ధాంతము చెల్లదని ఆ దేశపు ఉన్నత న్యాయస్థానము మాబో వ్యాజ్యెమున తీర్పు చెప్పునప్పటికి 1992 వచ్చెను. ఎడారికిని టేకుటడవికిని పోలిక లేదు. రెండుచోట్ల కొలతకు వచ్చినవాని చూపు మాత్రము ఒక్కటే.

కిన్వటుకు తూర్పున, ఆసిఫాబాదు కొండలలో ఈ యలజడి 1940లో నెత్తురు చిందించెను. జోడేఘాట్ పరిసర గ్రామములలో గోండులును కొలాములును తాము కొట్టుకొనిన పొలములను విడువమని ఎదిరించి నిలువగా, నాయకుడు కుమ్రం భీము నిజాం పోలీసుల కాల్పులలో మరణించెను. ఈ పోరాటము గోండుల పేరిటనే ప్రసిద్ధమైనది. ఆ గుట్టలపై కొలాములును వారి ప్రక్కన నుండిరనుట పలువురు మరచిరి. తిరుగుబాటునకు మూలమేమో తెలిసికొని చెప్పుమని ప్రభుత్వము ఒక విదేశీయుని కోరెను. ఆయన ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్. శత్రుదేశపు పాస్‌పోర్టు గలవాడగుటచే రెండవ ప్రపంచయుద్ధకాలమున హైదరాబాదు రాజ్యమున చిక్కుపడి, ఆ నిర్బంధమునే పరిశోధనగా మార్చుకొనినవాడు. భార్య బెట్టీతో మార్లవాయిలో గుడిసె వేసికొని యుండి, గోండుల జీవనమును, వారి భూములు పోయిన తీరును గ్రంథస్థము చేసెను. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణాకేంద్రము మొదలయ్యెను. రెవిన్యూ శాఖను చూచుచున్న గ్రిగ్‌సన్ అండతో, లావణీ ఖాస్ పద్ధతిని, అనగా ప్రభుత్వపు నేలను ప్రత్యేకముగా పట్టాకిచ్చు పద్ధతిని, ఆదిలాబాదు జిల్లాలో సుమారు 1,60,000 ఎకరములు ఆదివాసులకు పట్టాలుగా లభించెను. 1946లో గిరిజన ప్రాంతముల శాసనము వెలువడెను.

ఇది సామాన్యమైన మేలు కాదు. అయినను అందరికి సమముగా అందలేదు. పట్టా పొందిన గోండునకు ఎద్దులుండెను, నాగలి యుండెను, నిలువ ఊరుండెను. కొలామునకు వాలుసేద్యము నిషిద్ధమయ్యెను. చదునునేల దొరికినను దున్నుటకు జత యెద్దులు లేవు. ఎద్దులకై సాహుకారు నొద్దకు పోయినవాడు పంటను కల్లములోనే కొలిచి యిచ్చి రిక్తహస్తములతో తిరిగివచ్చెను. కొందరు నాగలి నేర్చుకొని రైతులైరి. అనేకులు గోండుల చేలలో, లంబాడీల చేలలో, కుణబీల చేలలో కూలీలైరి. ఊరు కట్టుటకు మాత్రము వారినే పిలుచుచుండిరి.

ఈ దశలోనే కొలాముల భాషకు పండితుల యాదరము లభించుట యొక వింత. నిలంగా ప్రాంతమున జన్మించి హైదరాబాదు ప్రభుత్వమున ఉద్యోగియైన సేతుమాధవరావు పగడీ ఆదిలాబాదు జిల్లా గోండులనుగూర్చి 1949లో గ్రంథము ప్రకటించి, కొలామీ వ్యాకరణమును కూర్చెను. అమెరికా పండితుడు ఎమెనో వార్ధా ప్రాంతపు కొలాముల నోట విని సేకరించిన సామగ్రికి పగడీ సామగ్రిని జోడించి 1955లో కొలామీపై బృహద్గ్రంథము వెలువరించెను. మరాఠీకిని తెలుగునకును నడుమ, గోండీకి పొరుగున నుండియు, కొలామీ వాని దేనికిని శాఖ కాక ద్రావిడకుటుంబమున తనదైన స్థానము గలదియని లోకమునకు తేటపడెను.

ఆ గ్రంథము వెలువడిన మరుసటి యేడే మూడవ గీత పడెను. 1956 నవంబరు 1న భాషాప్రయుక్త రాష్ట్రములు ఏర్పడినప్పుడు ఆదిలాబాదు జిల్లానుండి కిన్వటు తాలూకాయు, బోథు తాలూకాలోని ఇస్లాపూరు సర్కిలును బొంబాయి రాష్ట్రమునకు పోయి నాందేడు జిల్లాలో చేరెను. మారుగా నాందేడునుండి ముధోలు, భైంసా, కుభీరు సర్కిళ్లు ఆదిలాబాదునకును, బిచ్కుంద, జుక్కల్ నిజామాబాదునకును వచ్చెను. మరాఠీ మాటలాడువారు మరాఠీవైపు, తెలుగు మాటలాడువారు తెలుగువైపు. లెక్క చక్కగ కుదిరినది. కొలామీ మాటలాడువారిని ఏ వైపు వేయవలెనను ప్రశ్న ఆ లెక్కలో లేదు. నాటినుండి అన్న యింటి బిడ్డ మరాఠీబడికి, తమ్ముని యింటి బిడ్డ తెలుగుబడికి పోవలసివచ్చెను. ఉర్దూలోని సేత్వారులు, పహాణీలు మొదలగు పాత భూమిలెక్కల కాగితములు రెండు కచేరీలలో రెండు భాషలలోనికి మారసాగెను. 1940ల పట్టా తన పేర కలదని చెప్పుకొను కిన్వటు ఆదివాసి, ఆ ఉర్దూ కాగితమును చదివించుకొనుటకు ముసలి పట్వారీని వెదకికొనవలసివచ్చెను.

సరిహద్దు కిరుప్రక్కల చట్టములు వేరగుటచే కలిగిన ఫలితములు 1956లో ఎవరికిని తోపలేదు. ఇరువదేండ్ల తరువాత, 1976 సవరణతో తెలంగాణములోని లంబాడీలు షెడ్యూల్డు తెగల జాబితాలో చేరిరి. మహారాష్ట్రలోని వారి బంధువులు విముక్తజాతుల జాబితాలోనే యుండిపోయిరి. ఒకే తండాలోని అన్నదమ్ములకు పెన్‌గంగ కొండలలో ఒక గట్టు దాటిన ఒక హోదా, దాటకున్న మరియొక హోదా లభించుటవలన ఆదిలాబాదు భూములపై ఎట్టి ఒత్తిడి కలిగెనో, గోండులును కొలాములును దానినెట్లు ఎదుర్కొనిరో వచ్చు భాగమున చెప్పుకొందము. దానితోపాటు మన తెలుగువారికి దగ్గరి విషయము మరియొకటి కలదు. మహారాష్ట్ర జాబితాలో కొలాముల వరుసలోనే మన్నేర్వార్లు అను పేరు చేరియున్నది. ఆ యొక్క పేరు బిలోలీ, దెగ్లూరు తాలూకాల తెలుగు కుటుంబములను కులధ్రువపత్రముల పరిశీలనసంఘములకును న్యాయస్థానములకును ఏ విధముగా నడిపించెనో ఏడవ భాగమున అచటినుండియే ప్రారంభింతము.